వార్తల్లో పదం: అపెక్స్ డొమైన్

వెబ్‌సైట్ చిరునామాలో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ తీసేస్తే మిగిలే అసలు పేరే అపెక్స్ డొమైన్. ఉదాహరణకు, 'ఎగ్జాంపుల్ డాట్ కామ్'. ముందు డబ్ల్యూలు చేరిస్తే అది సబ్‌డొమైన్. చూడ్డానికి ఒకటే అనిపించినా సాంకేతికంగా ఇవి రెండు వేర్వేరు పేర్లు. 2018 సెప్టెంబరులో గూగుల్ క్రోమ్ 69 అడ్రస్ బార్‌లో డబ్ల్యూలను దాచేయడంతో దుమారం రేగింది. రెండు చిరునామాల్లో వేర్వేరు సైట్లు ఉండొచ్చన్న విమర్శలతో గూగుల్ వెనక్కి తగ్గింది. 2019లో క్రోమ్ 76తో మళ్లీ దాచింది.

సైటు రెండు విధాలా తెరుచుకోవాలంటే మూడు పనులు జరగాలి. మొదటిది, సైటు పేరును ఐపీ అడ్రస్‌తో కలిపే డీఎన్‌ఎస్‌లో రెండు పేర్లకూ రికార్డులుండాలి. డబ్ల్యూలున్న పేరుకు, మరో పేరును చూపే సీనేమ్ రికార్డు చాలు. సీనేమ్ ఉన్నచోట వేరే రికార్డులు ఉండరాదన్నది 1987 నాటి ప్రమాణం. అపెక్స్‌కేమో ఎన్‌ఎస్, ఎస్‌ఓఏ రికార్డులు తప్పనిసరి. అందుకే అక్కడ సీనేమ్ కుదరదు; సాధారణంగా ఐపీ అడ్రస్‌ను నేరుగా చూపే 'ఏ' రికార్డు పెడతారు.

రెండోది, సెక్యూరిటీ సర్టిఫికెట్‌లో రెండు పేర్లూ ఉండాలి. సబ్‌డొమైన్లన్నిటికీ కలిపి తీసుకునే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ దానంతటదే అపెక్స్‌కు వర్తించదు. పేరు లేకపోతే బ్రౌజర్ 'సురక్షితం కాదు' అని హెచ్చరిస్తుంది.

మూడోది, ఒక పేరును ప్రధానంగా ఎంచుకొని, రెండోదాని నుంచి దానికి శాశ్వతంగా మళ్లించే 301 రీడైరెక్ట్ ఇవ్వాలి. అప్పుడు సెర్చ్ ఇంజిన్లూ రెండింటినీ ఒకే సైటుగా లెక్కిస్తాయి.

పరీక్ష ఫలితాల కోసం చిరునామా టైపు చేసే విద్యార్థికి ఈ తేడాలు తెలియాల్సిన పనిలేదు. తెరుచుకోకపోతే సైటే పనిచేయడం లేదనుకుంటాడు. రెండు రూపాల్లోనూ పరీక్షించి చూడటం సైటు నిర్వాహకుల కనీస బాధ్యత.