నీళ్ళలో నిలబడే లవంగం

నేను కాపురానికి వచ్చిన రెండో ఏట మా ఆడబడుచు పెళ్ళి జరిగింది. ద్రాక్షారామంలో మా అత్తవారిది పెద్ద సంసారం. పనులు తలా ఒకటి పంచుకుంటే తాంబూలాల సరంజామా నా వంతుకు వచ్చింది. తమలపాకులు చిలకలు చుట్టి, విడిపోకుండా ఒక్కొక్కదానికి ఒక లవంగం గుచ్చడం మా ఇంటి ఆనవాయితీ. పట్నంలో ఒక కొట్లో చవకగా ఇస్తున్నారని అర్ధకిలో లవంగాలు కొనుక్కొచ్చాను. డబ్బు మిగిల్చానని లోలోపల గర్వం కూడాను!

అత్తగారు పొట్లం విప్పి వాసన చూశారు. ఏమీ అనలేదు. గ్లాసుతో నీళ్ళు తెప్పించి, చిటికెడు లవంగాలు అందులో వేశారు. అన్నీ పుల్లముక్కల్లా అడ్డంగా తేలాయి. తరువాత, పంటినొప్పికని తాము దాచుకున్న ఇత్తడి డబ్బీలోంచి నాలుగు తీసి వేశారు. రెండు మునిగాయి. రెండు తల పైకి పెట్టుకుని నిటారుగా నిలబడ్డాయి.

"చూశావా అమ్మాయీ! నువ్వు తెచ్చినవాటి సారం ఎవరో ముందే పిండుకున్నారు. రేపు మగపెళ్ళివారు తాంబూలం నమిలి పెదవి విరిస్తే ఆ మాట నీకు కాదు, పిల్లకు తగులుతుంది" అన్నారు.

నాకు తల కొట్టేసినట్లయింది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఆవిడ డబ్బీ మొత్తం నా ముందు కుమ్మరించారు. వియ్యాలవారి పంక్తికి సరిపోయాయి. మిగిలిన చిలకలకు కొబ్బరి ఈనె ముక్కలు గుచ్చాం. ఈ సంగతి ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరి మధ్యనే ఉంది.

ఆ సారమేమిటో తరువాత తెలుసుకున్నాను. మంచి లవంగంలో నూటికి 15 నుంచి 20 పాళ్ళు నూనె ఉంటుంది. అందులో ముఖ్యమైనది యూజినాల్. పంటి వైద్యులు వాడేది అదే. నూనె బట్టీపట్టి తీసేసిన లవంగాలను ఆరబెట్టి, మంచివాటిలో కలిపి అమ్మేవాళ్ళున్నారు. కాడలు కలిపేవాళ్ళూ ఉన్నారు. వస్తువు ఖరీదైనది కనుకనే ఇన్ని ఎత్తులు.

లవంగం కాయ కాదు, గింజ కాదు, విచ్చుకోని మొగ్గ. సంస్కృతంలో దేవకుసుమం అన్నారు. ఆకుపచ్చ మొగ్గ ఎరుపు తిరిగే అదను కనిపెట్టి, గుత్తులు చేత్తో కోసి ఎండబెట్టాలి. పువ్వు విచ్చుకుందో, ధర పోయిందే! మూడు కిలోల పచ్చిమొగ్గలు ఎండితే దక్కేది ఇంచుమించు ఒక కిలో. చెట్టు కాపుకు రావడానికే ఏడెనిమిదేళ్ళు పడుతుంది.

ఈ చెట్టు పుట్టిల్లు ఇండోనేషియాలోని మొలక్కా దీవులు. అక్కడి లవంగానికీ మా ఊరికీ పాత చుట్టరికమే ఉందండోయ్! డచ్చి కంపెనీవారు 1605లో బందరులో దిగారు. ఆ శతాబ్దంలోనే పాలకొల్లులోనూ ద్రాక్షారామంలోనూ కొఠీలు పెట్టారు. వారికి కావలసింది మన నేతగాళ్ళ బట్ట. ఆ దీవులవాళ్ళు మన తీరం బట్టలంటే పడిచచ్చేవారు. ఇక్కడి బట్ట అక్కడికి పోయేది, అక్కడి దినుసులు ఓడలెక్కేవి. లాభం మాత్రం మగ్గం దగ్గరా ఆగలేదు, చెట్టు దగ్గరా ఆగలేదు. 1652లో టెర్నేటు సుల్తానుతో ఒడంబడిక రాయించుకుని, తమ అదుపులోని అంబోయినా తప్ప తక్కినచోట్ల లవంగం చెట్లను నరికించారు డచ్చివారు. ధర నిలబెట్టడానికి చెట్టును చంపడం! 1770లో ఫ్రెంచివాడు పియరె ప్వావ్రు మొక్కలను దొంగచాటుగా మారిషసుకు చేర్పించిన తరువాతగాని ఆ గుత్త సడలలేదు. ఆ పైన అది జాంజిబారు చేరింది. 1800 ప్రాంతంలో ఇంగ్లీషు కంపెనీవారు మన కుర్తాళం కొండల్లోనూ నాటారు.

జాంజిబారులో 1937లో లవంగాల వ్యాపారం ఒకే సంఘానికి కట్టబెట్టి, అక్కడి భారతీయ వర్తకుల నోట మట్టి కొడితే, ఇక్కడ కాంగ్రెసువారు ఆ లవంగాలను బహిష్కరించమన్నారు. 1938లో రాజీ కుదిరింది. ఇంత మొగ్గ వెనక ఇంత కథ!

ఇక వంట మాట. మా ఇంట పప్పుకీ పులుసుకీ లవంగంతో పనిలేదు. పలావుకీ, మాంసానికీ, గుత్తివంకాయ మసాలాకీ కావాలి. పలావులో నలగ్గొట్టకుండా వేసి, కాగిన నేతిలో కాస్త ఉబ్బగానే బియ్యం పోయాలి. మాడితే చేదు. కిలో బియ్యానికి పది పన్నెండు చాలు. ఎక్కువైతే నాలుక మొద్దుబారి తక్కిన రుచులేవీ తెలియవు. పొడి కొట్టి నిలవుంచకండి, వాసన పోతుంది. కొనేముందు గోటితో గట్టిగా నొక్కి చూడండి, మంచిదైతే నూనె చెమ్మ తగులుతుంది.

నేను తెచ్చిన ఆ అర్ధకిలో ఏమైందంటారా? పారేయడానికి అత్తగారికి మనసొప్పక, చీమలు పట్టకుండా పంచదార డబ్బాలో వేశారు. చీమలు వాటి మీదుగానే నడిచి వెళ్ళేవి.