శాస్త్రవేత్తల సంఘాల్లో రైతు గొంతు వినబడేదెలా?

మన పొలంలో ఏ విత్తనం పడాలో, ఏ మందు కొట్టాలో తేల్చేది ఎక్కువగా ఢిల్లీలో కూర్చునే శాస్త్రవేత్తల సంఘాలే. వాళ్ళు ఎప్పుడు కూర్చున్నారో, ఏం రాసుకున్నారో సన్నకారు రైతుకు తెలిసేసరికి దుకాణంలోకి ప్యాకెట్టు వచ్చేసి ఉంటుంది. ఒక్క వంగ విషయంలో మాత్రం అలా జరగలేదు.

వంగ వేసేవారికి మొవ్వు, కాయతొలుచు పురుగు సంగతి చెప్పనక్కర్లేదు. కాయలోకి దూరాక పైన ఎన్ని మందులు కొట్టినా దానికి తగలదు. అయినా కొడుతూనే ఉంటాం. ఈ పురుగును తట్టుకునేలా మహికో కంపెనీ బి.టి. వంగను తయారుచేసింది. జన్యుమార్పిడి పైర్లను పరిశీలించే కేంద్ర సంఘం (జి.ఇ.ఎ.సి.) 2009 అక్టోబరు 14న సరేనంది. మామూలుగా అయితే కథ అక్కడితో సరి. అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ మాత్రం జనం మాట విన్నాకే నిర్ణయమన్నారు. 2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లో హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టారు. దాదాపు 8 వేల మంది వచ్చారు. రైతులు, శాస్త్రవేత్తలు, కంపెనీలవారు, కావాలనేవారు, వద్దనేవారు ఒకే హాల్లో కూర్చున్నారు. కేకలూ అరుపులూ లేకపోలేదు. చేసిన పరీక్షలు చాలవని ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా రాసి పంపింది. ఫిబ్రవరి 9న మంత్రి ఆ విత్తనాన్ని ఆపేశారు. ఎందుకు ఆపారో కారణాలతో సహా జనం ముందు పెట్టారు. ఆ నిలుపుదల ఇప్పటికీ ఉంది. పక్కనున్న బంగ్లాదేశ్ 2013లో అదే బి.టి. వంగకు అనుమతిచ్చింది. ఆపడం మంచిదా, చెడ్డదా అన్నది వేరే చర్చ. రైతును అడిగారు, అదీ ఇక్కడ సంగతి.

ఆవాల దగ్గరికొచ్చేసరికి తీరు మారింది. 2016 సెప్టెంబరులో డి.ఎం.హెచ్-11 ఆవాలపై అభిప్రాయాలు పంపమని నెల రోజులు గడువిచ్చారు. సారాంశం ఇంటర్నెట్టులో, అదీ ఇంగ్లీషులో. పూర్తి పరీక్షల కాగితాలు చూడాలంటే ముందుగా చెప్పి ఢిల్లీలోని మంత్రిత్వ శాఖ ఆఫీసుకు వెళ్ళాలి. ఎకరం ఆవాలు వేసే రైతు పైరు వదిలి రైలెక్కుతాడా? 2024 జులై 23న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ ఆ ఆవాల అనుమతిపై చెరో తీర్పు ఇచ్చారు గాని, జన్యుమార్పిడి పైర్లపై జాతీయ విధానాన్ని రైతు ప్రతినిధులతోనూ సంప్రదించి తయారుచేయాలన్న దగ్గర మాత్రం ఒక్కటయ్యారు.

ఢిల్లీ దూరమే, ఒప్పుకుందాం. కృషి విజ్ఞాన కేంద్రం దూరం కాదు గదా! ప్రతి కేంద్రానికీ శాస్త్రీయ సలహా మండలి ఉంటుంది. రైతుల పొలాల్లో ఏ రకం పరీక్షించాలి, ఏ పైరు ప్రదర్శన వేయాలి అన్నది అక్కడ చర్చకు వస్తుంది. అందులో రైతు ప్రతినిధులకూ చోటుంది. ఆ చోట్లో కౌలు రైతో, రెండెకరాల ఆసామో కనబడడం మాత్రం అరుదు. మోటారున్న పెద్ద రైతుకూ, వాన కోసం మొగం ఎత్తి చూసే మెట్ట రైతుకూ కావలసిన విత్తనం ఒకటి కాదు.

మీ కేంద్రంలో రైతు సభ్యులెవరో, ఈసారి సమావేశం ఎప్పుడో వెళ్ళి అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. సమస్యను కాగితం మీద రాసి సభ్యుడి చేతికివ్వండి. పైరు, రకం, విత్తిన తేదీ, కొట్టిన మందు, ఎకరాకు పోయిన దిగుబడి అందులో ఉండాలి. నలుగురైదుగురు కలిసి సంతకాలు పెడితే ఇంకా మంచిది.