పది రోజుల ఆట సరే... వంద రోజుల మాటేమిటి?

ధ్యాన శిబిరం ముగించుకుని యింటికి వచ్చాక మొదలయ్యే అసలు కథ!

కొత్త సినిమా రిలీజయిన మొదటి పది రోజులూ హాలు నిండటం ఏమంత విశేషం కాదు. పోస్టర్లుంటాయి, తోరణాలుంటాయి, టిక్కెట్టు కోసం చొక్కాలు చింపుకునే అభిమానులుంటారు. ఆ సందడి అణిగాక, పదకొండో రోజు మాట్నీకి ఎంతమంది వచ్చారో చూసి చెప్పాలి, బొమ్మ ఆడుతుందో లేదో! విపశ్యన ధ్యానం నేర్చుకుని వచ్చిన వాళ్ళ సంగతీ అచ్చంగా యింతే. శిబిరం పది రోజులు. అసలు పరీక్ష పదకొండో రోజున, సొంత యింట్లో.

గంట కొట్టే వాళ్ళున్నంత కాలం...

ఈ పది రోజుల పద్ధతిని మన దేశంలో మళ్ళీ ప్రచారంలోకి తెచ్చిన వారు సత్యనారాయణ గోయెంకా గారు. 1924లో బర్మాలోని మాండలేలో పుట్టారు. వ్యాపారస్తుల కుటుంబం. భరించలేని తలనొప్పితో వైద్యుల చుట్టూ తిరిగి తిరిగి, 1955లో సయాజీ ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి చేరారు. 1969లో ఇండియా వచ్చి బొంబాయిలో మొదటి శిబిరం నడిపారు. 2013లో కన్నుమూసే నాటికి ఆయన శిబిరాలు దేశదేశాలకీ పాకాయి.

శిబిరంలో తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. రాత్రి తొమ్మిదిన్నరకి దీపాలార్పుతారు. మధ్యలో పది గంటలకి పైగా ధ్యానమే! మాటల్లేవు, ఫోన్లు లేవు, పుస్తకాలు లేవు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర శ్వాసని గమనించడం. నాలుగో రోజు నుంచి తల మొదలు కాలివేళ్ళ దాకా శరీరంలో కలిగే అనుభూతుల్ని గమనించడం. నొప్పి వచ్చినా, హాయి కలిగినా, దేనికీ పొంగకుండా, కుంగకుండా చూస్తూ వుండటం. పదో రోజున మౌనం విడుస్తారు. ఫీజు లేదు. శిబిరం పూర్తి చేసిన వాళ్ళిచ్చే విరాళాలతోనే తరువాతి వాళ్ళకి భోజనం, బస!

బిట్రగుంట వాళ్ళకి యిదేమంత దూరాభారం కూడా కాదు. పైకి రైలెక్కితే ఏలూరు దగ్గర విజయరాయిలో ఓ కేంద్రం వుంది. కిందికి వెళితే చెన్నై శివార్లలో మరొకటి వుంది.

సరే, మన బిట్రగుంట రైల్వే ఉద్యోగి ఒకాయన వెళ్ళి వచ్చాడనుకోండి. తిరిగొచ్చిన రోజున ముఖంలో ఏదో కళ! మాట మెత్తబడింది, కోపం తగ్గింది. ఓ వారం పొద్దున్నే లేచి కూర్చున్నాడు. ఆ తరువాత నైట్ డ్యూటీ వచ్చింది. యింటికొచ్చేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి. మర్నాడు కూర్చుంటే, ‘ఏమండీ, గ్యాసయిపోయింది’ అని లోపలి నుంచి కేక. వీధిలోకొస్తే పక్కింటాయన, ‘ఏందన్నా, సన్నాసుల్లో కలిసిపోయినావా ఏంది?’ అని నవ్వు. గంట అరగంటయింది, అరగంట పావుగంటయింది, పావుగంట ‘రేపు చూద్దాం’ అయింది. బొమ్మ ఎత్తేశారు!

ఆయన బద్ధకస్తుడేం కాదు, పాపం. శిబిరంలో గంట కొట్టే వాళ్ళు, వండిపెట్టే వాళ్ళు వేరే వున్నారు. చుట్టూ కూర్చున్న పదిమందిని చూసి లేవబోయిన వాడు కూడా మళ్ళీ కూర్చుంటాడు. ఆ పనులన్నీ యింట్లో ఒక్కడే చేసుకోవాలి. అదీ చిక్కు!

1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన మాసచుసెట్స్ వైద్య విశ్వవిద్యాలయంలో ఓ కోర్సు పెట్టాడు. ఇవాళ అందరూ మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నది చాలావరకు అక్కణ్ణించి వచ్చిందే. అందులో వారానికోసారి క్లాసు, మిగతా రోజుల్లో యింటి దగ్గరే అభ్యాసం. అంటే గ్యాసు కేకలు మొదటి వారం నుంచే అలవాటు! పది రోజుల శిబిరంలో లోతెక్కువ. కానీ యింటి గోల ఒక్కసారిగా మీద పడుతుంది.

షెడ్డులో నిప్పు

బిట్రగుంట అంటే పాతతరానికి ఆవిరి ఇంజన్లే గుర్తొస్తాయి. మద్రాసు–విజయవాడ లైన్లో పేరున్న లోకోషెడ్డు అది. ఆవిరి ఇంజను సంగతి తెలిసిన వాళ్ళకి ఓ మాట చెప్పక్కర్లేదు. చల్లబడిన బాయిలరులో మళ్ళీ ఆవిరి పుట్టించాలంటే గంటల తరబడి పని! అందుకే త్వరలో మళ్ళీ బండి లాగాల్సిన ఇంజనుకి నిప్పు పూర్తిగా ఆర్పేవాళ్ళు కాదు. బొగ్గు పేర్చి, గాలి తగ్గించి, సన్నగా రాజుతూ వుండేలా చూసేవాళ్ళు. ఆ నిప్పుతో బండి కదలదు. కానీ బయల్దేరే వేళకి పని తేలికవుతుంది.

యింటి దగ్గర రోజూ కూర్చునేది ఆ నిప్పు కోసమే. శిబిరంలో ఎనిమిదో రోజు కలిగిన ప్రశాంతత ఇవాళ వంటింటి పక్క గదిలో రాలేదేమని దిగులు పడితే, ఆ దిగులే మనిషిని లేపేస్తుంది. మొదటి సినిమా సిల్వర్ జూబ్లీ ఆడిన హీరో ప్రతి సినిమానీ దాంతోనే పోల్చుకుంటే యింక నటించగలడా?

రెండు సినిమాలు చెప్పిన సంగతి

మన పాఠకులకి ఆసక్తి కలిగించే విషయం: ఈ కథ మీద మంచి డాక్యుమెంటరీలొచ్చాయి. ఒకటి 1997 నాటి ‘డూయింగ్ టైమ్, డూయింగ్ విపశ్యన’. తీసినవారు అయెలెట్ మెనహెమి, ఐలోనా ఏరియల్ అనే ఇద్దరు ఇజ్రాయెలీ మహిళలు. కిరణ్ బేడీ గారు తీహార్ జైలు బాధ్యతల్లో వుండగా, 1994 ఏప్రిల్‌లో వెయ్యిమందికి పైగా ఖైదీలు అక్కడ ఒకేసారి శిబిరంలో కూర్చున్నారు. చూడదగ్గ దృశ్యం! అంతకంటే ముఖ్యం, ఆ తరువాత జైలు లోపలే శాశ్వత కేంద్రం పెట్టడం. పండగ ఒక్కనాటితో అయిపోలేదన్నమాట.

రెండోది ‘ది ధమ్మ బ్రదర్స్’, 2008లో థియేటర్లకొచ్చింది. అమెరికాలోని అలబామాలో డొనాల్డ్‌సన్ అనే కట్టుదిట్టమైన జైలు. 2002లో అక్కడ శిబిరాలు జరిగాయి. కానీ ఆ తరువాత అధికారులు ఆపేశారు. కలిసి కూర్చోవడానికి వీల్లేదన్నారు! కూర్చునే హాలు లేదు, తోడు లేదు. అయినా కొందరు తమ తమ గదుల్లో ఒంటరిగా కొనసాగించారు. కొన్నేళ్ళకి అనుమతి తిరిగొచ్చింది. అక్కడ శిబిరం కన్నా ఆ నడిమి ఏళ్ళే అసలైన కథ.

మరి యింట్లో ఎలా?

గోయెంకా గారి పద్ధతిలో చెప్పేది పొద్దున గంట, సాయంత్రం గంట. వారానికోసారి తోటి సాధకులతో కలిసి కూర్చోవడం. ఏడాదికోసారి మళ్ళీ శిబిరం. రెండు గంటలా అని గుండె బాదుకోకండి! గంట కుదరని రోజున ‘యింకేముందిలే’ అని మానేయడం కంటే, పావుగంటయినా కూర్చోవడం మేలు.

డ్యూటీ వేళలు మారే వాళ్ళు గడియారాన్ని నమ్ముకోకూడదు. స్నానమయ్యాక, కాఫీకి ముందు... యిలా రోజూ తప్పని పనికి ముడిపెట్టుకోవాలి. ఊళ్ళో యింకొక్కరు శిబిరం చేసిన వాళ్ళుంటే ఆదివారం కలిసి కూర్చోండి. ఒక్క తోడు పది ప్రతిజ్ఞల పెట్టు. నెల రోజులు మానేశారా? లెక్కలు చూసుకోకుండా మళ్ళీ మొదలుపెట్టండి. గోయెంకా గారు శిబిరంలో పదే పదే చెప్పే మాటా అదే. అన్నట్టు, మనసుకి తీవ్రమైన జబ్బున్న వాళ్ళు ముందు డాక్టరుని అడగాలి.

ఫలితం ఎలా తెలుస్తుంది? కళ్ళు మూసుకున్నప్పుడు కాదు, తెరిచాక. నిన్న గంటసేపు వున్న కోపం ఇవాళ పది నిముషాల్లో దిగిందా? అదీ కలెక్షను!

చివరిగా ఓ మాట. శిబిరానికి డబ్బు తీసుకోరు గానీ, అది ఊరికే రాలేదు. ఆ పది రోజులూ పిల్లల్ని, పెద్దల్ని, పాలవాణ్ణి, కరెంటు బిల్లుని ఒంటిచేత్తో చూసుకుంది ఇల్లాలు. ఆ బాకీ తీరేది రోజూ కూర్చుని, మెత్తగా మాట్లాడే మనిషి యింట్లో తిరిగితేనే. శిబిరాలకి ఆడవాళ్ళూ వెళ్ళొచ్చు, వాళ్ళ బస వేరే. కాబట్టి అయ్యా, వచ్చే ఏడు వంతు ఆవిడది! పాలవాణ్ణి చూసుకోవడం ఇప్పట్నుంచే నేర్చుకోండి మరి!