మరుగుజ్జు సూర్యుళ్లు, మహా రికార్డులు

పాలపుంతలోని నక్షత్రాల్లో దాదాపు ముప్పాతిక భాగం ఎరుపు మరుగుజ్జులే. అయినా భూమి మీద నుంచి మామూలు కంటికి వాటిలో ఒక్కటీ కనిపించదు! ఇంధనాన్ని మహా పొదుపుగా వాడుకుంటాయి కాబట్టి వాటి ఆయుష్షు లక్షల కోట్ల ఏళ్ల దాకా ఉంటుంది. విశ్వం వయసే 1,380 కోట్ల ఏళ్లు. అందుకే ముసలితనంతో చచ్చిపోయిన ఎరుపు మరుగుజ్జు ఇంతవరకూ లేదు.

ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల్లో ‘జీవం ఉండొచ్చేమో’ అని పేరు మోసినవి చాలావరకు వీటి దగ్గరే దొరికాయి. అక్కడ జీవానికి వసతులు ఎక్కువని కాదు, వెతకడం మనకు తేలికని. భూమి సూర్యుడికి అడ్డం వస్తే తగ్గే వెలుగు పన్నెండు వేలలో ఒక వంతు మాత్రమే. అంతే గ్రహం ట్రాపిస్ట్-1 లాంటి బుల్లి నక్షత్రానికి అడ్డం వస్తే దాదాపు 170లో ఒక వంతు వెలుగు తగ్గిపోతుంది. పైగా నక్షత్రం వేడి తక్కువ కాబట్టి, నీరు నీరుగా నిలిచే ‘నివాసయోగ్య మండలం’ దానికి బాగా దగ్గర్లో ఉంటుంది. అక్కడి గ్రహాలు రోజుల్లోనే చుట్టు తిరిగి మళ్లీ మళ్లీ అడ్డొస్తాయి. కింది రికార్డుల్లో కొన్నిటి వెనకున్న కిటుకు ఇదే.

అన్నిటికన్నా దగ్గర: ప్రాక్సిమా బి

దూరం 4.24 కాంతి సంవత్సరాలు. మే నెల రాత్రుల్లో తెలుగు రాష్ట్రాల నుంచి దక్షిణ దిక్కున, నేలకు కాస్త ఎత్తులో ఆల్ఫా సెంటారీ మెరుస్తూ కనిపిస్తుంది. ప్రాక్సిమా ఉన్నది ఆ పక్కనే, కానీ దుర్భిణి లేనిదే చూడలేం. నక్షత్రాన్ని 1915లో జోహన్నెస్‌బర్గ్ నుంచి రాబర్ట్ ఇన్నెస్ కనిపెట్టారు. దాని గ్రహం 2016 ఆగస్టులో బయటపడింది. అక్కడ ఏడాదంటే 11.2 రోజులు. వాయేజర్-1 వ్యోమనౌక వేగంతో బయల్దేరితే చేరడానికి సుమారు 75 వేల ఏళ్లు పడుతుంది.

ఈ పొరుగు సూర్యుడు మహా కోపిష్ఠి. 2019 మేలో వచ్చిన ఒక జ్వాలలో, కొన్ని సెకన్లలోనే దాని అతినీలలోహిత కాంతి 14 వేల రెట్లు పెరిగింది. సూర్యుడికి భూమి ఉన్న దూరంలో ఇరవయ్యో వంతులోనే ఉన్న గ్రహానికి ఆ దెబ్బలు నేరుగా తగులుతాయి.

ఒకే గూటిలో ఏడు: ట్రాపిస్ట్-1

కుంభరాశి దిశలో 40 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఈ నక్షత్రం గురుగ్రహం కన్నా కొంచెమే పెద్దది. దాని చుట్టూ ఇంచుమించు భూమంత గ్రహాలు ఏడున్నాయని బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ గిలాన్ బృందం 2017 ఫిబ్రవరిలో ప్రకటించింది. సూర్యుడికి బుధుడున్న దూరంలోనే ఏడూ ఇమిడిపోతాయి. ఒక గ్రహం మీద నిలబడి చూస్తే పక్క గ్రహం మన చందమామ కన్నా పెద్దగా కనిపించే సందర్భాలుంటాయి. ఇంత దగ్గరగా తిరిగే గ్రహాలు ఎప్పుడూ ఒకే ముఖం నక్షత్రానికి చూపిస్తూ ఉంటాయని అంచనా. అదే నిజమైతే ఒక సగంలో ఎడతెగని పగలు, రెండో సగంలో తెల్లవారని రాత్రి.

మొట్టమొదటిది: కెప్లర్-186ఎఫ్

వేరే నక్షత్రం తాలూకు నివాసయోగ్య మండలంలో భూమంత గ్రహం దొరకడం ఇదే తొలిసారి. ప్రకటన 2014 ఏప్రిల్‌లో వచ్చింది. ఏడాది 130 రోజులు. ఎరుపు మరుగుజ్జుల లెక్కలో అది చాలా పెద్ద ఏడాదే.

పోలికలో ఫస్ట్ మార్కు: టీగార్డెన్ బి

2019లో, 12.5 కాంతి సంవత్సరాల దూరాన దొరికింది. భూమితో పోలికకు వేసే సూచీలో అప్పట్లో 1కి 0.95 తెచ్చుకుంది. ఏడాది 4.9 రోజులే కాబట్టి అక్కడ ఉగాది ప్రతి ఐదో రోజూ వస్తుంది. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్లూ మన 295 రోజుల్లో ముగిసిపోతాయి! అయితే ఈ మార్కులు చూసి మోసపోకూడదు. ఆ గ్రహం తన నక్షత్రానికి అడ్డం రాదు కనుక దాని వ్యాసం ఎవరూ కొలవలేదు.

ఎక్కువ రభస రేపింది: కె2-18బి

సింహరాశి దిశలో, 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. బరువు భూమికి ఎనిమిది రెట్లకు పైనే. వారణాసిలో ఇంజినీరింగ్ చదివి కేంబ్రిడ్జ్‌లో ఆచార్యుడైన నిక్కు మధుసూదన్ బృందం 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో అక్కడ మీథేన్, కార్బన్ డయాక్సైడ్ కనిపెట్టింది. 2025 ఏప్రిల్‌లో డైమిథైల్ సల్ఫైడ్ జాడ కూడా చూశామంది. భూమి మీద ఆ వాయువు ప్రధానంగా సముద్రపు సూక్ష్మజీవుల నుంచే వస్తుంది. దాంతో ప్రపంచమంతా పతాక శీర్షికలు. కానీ అది కాకతాళీయం అయ్యే అవకాశం వెయ్యిలో మూడు వంతులని ఆ బృందమే చెప్పింది. అదే సమాచారాన్ని మళ్లీ పరిశీలించిన ఇతరులకు గట్టి ఆధారం దొరకలేదు.

కనబడి మాయమైనవి: గ్లీజ్ 581

ఈ నక్షత్రం చుట్టూ జీవానికి అనువైన గ్రహాలున్నాయని 2007 నుంచి 2010 దాకా వరసగా ప్రకటనలొచ్చాయి. వాటిలో డి, జి అనే రెండు అసలు గ్రహాలే కావని, నక్షత్రం ఒంటి మీది అలజడే అలా కనిపించిందని 2014లో ఒక అధ్యయనం తేల్చింది. ఈలోగా 2008 అక్టోబరులో ఉక్రెయిన్‌లోని యెవ్పటోరియా నుంచి ‘సి’ గ్రహానికి 501 సందేశాలు పంపేశారు కూడా! అవి 2029లో చేరతాయి. ‘సి’ ఉన్నమాట నిజమే గానీ, జీవం నిలవలేనంత వేడిగా ఉంటుందని ఇప్పటి అంచనా.

ఎవరికీ దక్కని రికార్డు

నివాసయోగ్య మండలంలో ఉండి, గాలి కూడా ఉందని రూఢి అయిన రాతి గ్రహం ఇంకా లేదు. ట్రాపిస్ట్ కుటుంబంలో అన్నిటికన్నా లోపలున్న ‘బి’ పగటి వైపు వేడి సుమారు 230 డిగ్రీలని 2023లో వెబ్ కొలిచింది. గాలి దాదాపు లేనట్టే. ‘సి’ మీద శుక్రుడి మీదున్నంత దట్టమైన కార్బన్ డయాక్సైడ్ లేదని తేలింది. నివాసయోగ్య మండలంలో ఉన్న ‘ఇ’ మీద పరిశీలన సాగుతోంది. ఇప్పటిదాకా పంచిన బిరుదులు చాలావరకు దూరం, సైజు, బరువు, అంచనా వేడి చూసి ఇచ్చినవే. గాలి పరీక్షలో నెగ్గిన రాతి గ్రహం ఒక్కటి దొరికితే చాలు, ‘అతి దగ్గరిది’, ‘అచ్చం భూమే’ అన్న పట్టాలకు విలువ తగ్గిపోతుంది.