బాల్యపు మానసిక గాయాలు - బైపోలార్ రుగ్మత

బైపోలార్ రుగ్మత లేదా ద్విధ్రువ రుగ్మత అనగా ఒకే వ్యక్తిలో ఉన్మాద దశ, విషాద దశ మార్చి మార్చి వచ్చే దీర్ఘకాలిక మానసిక వ్యాధి. ఈ వ్యాధి రావటంలో వంశపారంపర్యానిది ప్రధాన పాత్ర. అయితే బాల్యంలో అనుభవించిన హింస, నిరాదరణ, ఆప్తుల మరణం, ఎడతెగని ఒత్తిడి కూడా వ్యాధి రావటానికి, చిన్న వయసులోనే బయటపడటానికి, తీవ్రం కావటానికి దోహదం చేయవచ్చునని పరిశోధనలు సూచిస్తున్నవి. ఈ సంబంధాన్ని, పత్తి, మిరప సాగుకు పేరుపొందిన మార్టూరు పరిసరాల వంటి ప్రాంతాలలో దాని ప్రాముఖ్యతను ఈ వ్యాసం వివరిస్తుంది.

వ్యాధి స్వరూపం

ఉన్మాద దశలో రోగి నిద్ర లేకపోయినా అలసట ఎరుగడు. గడగడా మాట్లాడటం, విపరీతంగా ఖర్చు చేయటం, తనకు అసాధ్యమనేది లేదని నమ్మటం, చిన్న మాటకే కోపగించటం ఈ దశ లక్షణాలు. విషాద దశలో దిగులు, నిరాసక్తత, నిద్రాహారాలలో మార్పు, ఆత్మహత్య ఆలోచనలు కనిపిస్తాయి. వ్యాధి సాధారణంగా 15-25 సంవత్సరాల వయసులో మొదలవుతుంది. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4 కోట్ల మందికి ఈ వ్యాధి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ 1899లో దీనిని ఉన్మాద-విషాద వ్యాధిగా వర్ణించాడు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వ్యాధుల వర్గీకరణలో బైపోలార్ అనే పేరు స్థిరపడింది.

వంశపారంపర్యం

కవల పిల్లలపై జరిగిన అధ్యయనాల ప్రకారం, ఈ వ్యాధి విషయంలో మనుషుల మధ్య గల తేడాలలో 60 నుండి 85 శాతం వరకు జన్యువుల వలన కలిగేవే. తల్లికి గాని తండ్రికి గాని వ్యాధి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఇతరులకన్నా అనేక రెట్లు ఎక్కువ. అయినప్పటికీ అటువంటి పిల్లలలో అధిక సంఖ్యాకులకు వ్యాధి రాదు. ఒకే రకం జన్యువులు గల కవలలలో ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవటం కూడా ఉన్నది. కనుక జన్యువులతో పాటు జీవితానుభవాల ప్రభావం కూడా ఉన్నదని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

బాల్యానుభవాలపై పరిశోధనలు

అమెరికాలోని కాలిఫోర్నియాలో 17,000 మందికి పైగా వ్యక్తులపై జరిగి, 1998 నుండి ఫలితాలు వెలువరించిన అధ్యయనం ఈ రంగంలో ప్రసిద్ధమైనది. బాల్యంలో ఎదురైన కష్టాల రకాలు పెరిగేకొద్దీ పెద్దయిన తరువాత కుంగుబాటు, మద్యపాన వ్యసనం, ఆత్మహత్యా ప్రయత్నాలు పెరిగినట్లు అందులో తేలింది.

బైపోలార్ రుగ్మతకు సంబంధించి, మాంచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో పలు అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. మానసిక వ్యాధి లేనివారితో పోలిస్తే, ఈ రోగులు బాల్యంలో కష్టాలు అనుభవించినట్లు చెప్పే అవకాశం 2.63 రెట్లు ఎక్కువ. తిట్లు, అవమానాలు, బెదిరింపుల వంటి భావోద్వేగ హింస విషయంలో ఇది సుమారు 4 రెట్లు. అనగా ఒంటిపై దెబ్బ పడని హింస కూడా తక్కువ ప్రమాదకరం కాదు.

బాల్యంలో హింసకు గురైన రోగులలో వ్యాధి ముందుగా మొదలవటం, దశలు త్వరత్వరగా మారటం, భ్రాంతులు, మద్యం లేక మత్తు పదార్థాల వాడకం, ఆత్మహత్యా ప్రయత్నాలు ఎక్కువగా కనిపిస్తాయి.

ప్రభావం కలిగే విధానం

ఒత్తిడి కలిగినపుడు మెదడులోని హైపోథలామస్, పిట్యూటరీ గ్రంథి, మూత్రపిండాల పైనుండే అధివృక్క గ్రంథులు కలిసి పనిచేసి కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. ప్రమాదం తొలగగానే ఇది తగ్గిపోవాలి. ఇంటిలో భయం నిత్యకృత్యమైనపుడు ఎదిగే పిల్లలలో ఈ వ్యవస్థ గాడి తప్పుతుంది. జ్ఞాపకశక్తికి, భయానికి సంబంధించిన మెదడు భాగాల ఎదుగుదల కూడా ప్రభావితమవుతుంది. జన్యువులు మారకపోయినా అవి పనిచేసే తీరు మారవచ్చు.

అమెరికన్ వైద్యుడు రాబర్ట్ పోస్ట్ 1992లో ఒక సిద్ధాంతాన్ని విస్తరించి ప్రతిపాదించాడు. దీని ప్రకారం మొదటి దశలు రావటానికి పెద్ద ఒత్తిడి అవసరం కాగా, వ్యాధి ముదిరినకొద్దీ చిన్న ఒత్తిడికే, లేదా ఏ కారణం లేకుండానే దశలు వస్తాయి. తొలి దశలోనే చికిత్స అందించాలనటానికి ఇదొక ఆధారం. అయితే రోగులందరిలోనూ ఇది ఒకే విధంగా కనబడదు.

గమనించవలసిన విషయాలు

- బాల్యపు కష్టాలకు గురైన వారందరికీ వ్యాధి రాదు. ఉదాహరణకు 100 మందిలో ఒకరికి వచ్చే వ్యాధి రెండున్నర రెట్లు పెరిగిందనుకొన్నా, 97 మందికి పైగా అది రాదు.
- రోగులలో చాలామంది బాల్యం సాఫీగానే గడిచి ఉంటుంది. కనుక పెంపకం సరిగా లేనందువలనే వ్యాధి వచ్చిందని తల్లిదండ్రులను నిందించటం తగదు.
- తల్లి లేదా తండ్రి రోగి అయినపుడు పిల్లలకు జన్యువులతో పాటు ఒడుదొడుకుల కుటుంబ వాతావరణం కూడా సంక్రమిస్తుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం కష్టం.
- ఈ కష్టాలు కుంగుబాటు, వ్యసనాల వంటి ఇతర సమస్యలకు కూడా దారితీస్తాయి.

మార్టూరు ప్రాంతంలో ప్రాముఖ్యత

చిలకలూరిపేట-ఒంగోలు జాతీయ రహదారిపై ఉన్న మార్టూరు 2022 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా నుండి బాపట్ల జిల్లాలోకి మారింది. ఈ ప్రాంతంలో పత్తి, మిరప పంటలు పెట్టుబడి ఎక్కువగా కోరే పంటలు. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ పత్తిని నాశనం చేసింది. 1987-88లో అప్పులపాలైన పత్తి రైతులు పురుగుమందు తాగి ఆత్మహత్యలకు పాల్పడ్డారు. ఆనాటి పిల్లలు నేడు నడివయసు దాటుతున్నారు. తండ్రి మరణం, ఇంటిమీదికి వచ్చే అప్పులవారు, తల్లి దుఃఖం, చదువు మానటం ఒక్కసారిగా మీదపడిన బాల్యం పైన పేర్కొన్న కష్టాలలో అనేకం ఒకేచోట చేరినటువంటిది. కౌలు రైతుల ఇళ్ళలో ఈ భారం మరింత ఎక్కువ.

మిరప కోతల కాలంలో కర్నూలు ప్రాంతం నుండి వలస వచ్చే కూలీల వెంట పిల్లలు కూడా వస్తారు. నెలల తరబడి బడికి దూరమై పొలాల వద్ద గుడారాలలో ఉండే ఈ పిల్లలకు రక్షణ తక్కువ.

పల్లెలలో ఉన్మాద దశను గాలి సోకిందనో, చేతబడి జరిగిందనో భావించి భూతవైద్యుల వద్దకు తీసుకువెళ్ళటం వలన విలువైన కాలం వృథా అవుతుంది. విషాద దశను సోమరితనమని మందలించటం కూడా కద్దు. ఇంటిలో పురుగుమందు అందుబాటులో ఉండటం ఈ దశలో ప్రాణాంతకం. దానిని తాళం వేసిన పెట్టెలో, నివాసానికి దూరంగా ఉంచటం మేలు.

చికిత్స, నివారణ

ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో లిథియం ప్రభావాన్ని వెల్లడించాడు. నేటికీ ఇది ముఖ్యమైన ఔషధం. దీనిని రక్తపరీక్షలతో, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. కుంగుబాటు మందులను మాత్రమే వాడితే కొందరిలో ఉన్మాదం రావచ్చు కనుక పూర్వపు ఉన్మాద లక్షణాలను వైద్యునికి చెప్పటం అవసరం. నిద్ర తప్పటం వ్యాధిని తిరగబెడుతుంది. కనుక రాత్రి వేళ కల్లం కాపలా వంటి పనులు రోగికి అప్పగించరాదు. బాల్యపు గాయాలు గల రోగులకు మందులతో పాటు మానసిక చికిత్స, కుటుంబానికి అవగాహన కల్పించటం ఉపకరిస్తాయి.

నమ్మదగిన ఒక్క పెద్ద మనిషి అండ, బడి కొనసాగటం పిల్లలను చాలావరకు కాపాడతాయి. తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలలో నిద్ర, చదువు, ప్రవర్తనలలో వచ్చే మార్పులను ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు తొలిదశలోనే గుర్తించవచ్చు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ప్రభుత్వ మానసిక వైద్య సేవలు పొందటం ప్రతి ఒక్కరి హక్కు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరుపై తెలుగులో కూడా లభిస్తుంది. హింసకు గురవుతున్న పిల్లల కొరకు 1098 నంబరు కలదు.

ఇవి కూడా చూడండి

- మానసిక వ్యాధులు
- కుంగుబాటు
- రైతు ఆత్మహత్యలు
- మార్టూరు