ఇనుపచెయ్యి ఇవాన్

బొమ్మల కథల పుస్తకం చేతికి వస్తే మీరు ముందు ఏం చూస్తారు? బొమ్మలే గదా! కథ తరవాత. అందులో తప్పేమీ లేదు. కాని బొమ్మ చుట్టూ ఉండే అంచును ఎప్పుడైనా పరీక్షగా చూశారా? రష్యా దేశపు చిత్రకారుడు ఇవాన్ బిలీబిన్ వేసిన బొమ్మలకు చీర అంచుల్లాగా పూలూ, తీగలూ, పక్షులూ ఉంటాయి.

బిలీబిన్ 1876లో సెంట్ పీటర్స్‌బర్గ్ నగరం దగ్గర పుట్టాడు. చదివింది న్యాయశాస్త్రం, మనసు మాత్రం బొమ్మల మీద. జర్మనీలో మ్యూనిక్ వెళ్ళి కొన్నాళ్ళు నేర్చుకున్నాడు. తిరిగి వచ్చి రేపిన్ అనే గొప్ప చిత్రకారుడి వద్ద చేరాడు. 1899లో ఒక ప్రదర్శనలో వస్నెత్సోవ్ వేసిన పెద్ద చిత్రం చూశాడు. పాతకాలపు వీరులు ముగ్గురు గుర్రాల మీద ఉండి సరిహద్దు కాస్తున్న చిత్రం అది. దాన్ని చూశాక అతనికి మరొకటి రుచించలేదు. ఆ వేసవిలోనే త్వేర్ పరగణాలో ఒక పల్లెకు వెళ్ళి, అడవుల్లో తిరుగుతూ జానపద కథలకు బొమ్మలు వెయ్యటం మొదలుపెట్టాడు.

ఆ బొమ్మలను అచ్చువేసింది ఎవరనుకున్నారు? కరెన్సీ నోట్లు అచ్చువేసే ప్రభుత్వ ముద్రణాలయం! సన్నని గీత చెదరకుండా అచ్చొత్తటం వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. 1901 నుంచి 1903 లోగా ఆరు కథలు వెలువడ్డాయి. వాటిలో వసిలీసా అనే పిల్ల కథ ఒకటి. సవతి అక్కలు ఆమెను నిప్పు తెమ్మని బాబా యాగా అనే మంత్రగత్తె వద్దకు పంపుతారు. ఆ మంత్రగత్తె రోట్లో కూర్చుని, రోకలితో తోసుకుంటూ, వెనక జాడ తెలియకుండా చీపురుతో ఊడ్చుకుంటూ పోతుంది. రోలూ రోకలీ మన ఇళ్ళలోనూ ఉన్నవే. వాటిలో ఎక్కి తిరగవచ్చునని మనవాళ్ళకు తట్టినట్టు లేదు!

బొమ్మలకు పేరు వచ్చింది. అయినా బిలీబిన్ ఊరుకోలేదు. రాజకుమారి తలపాగా ఎలా ఉండేది? కిటికీ చెక్కడం ఎటువంటిది? ఊహతో ఎంతకాలం నెట్టటం? 1902 నుంచి 1904 దాకా ఒక మ్యూజియం తరఫున వోలోగ్దా, అర్ఖాంగెల్స్క్, ఒలొనేత్స్ పరగణాలు తిరిగాడు. అది ఉత్తరాన చలిదేశం. అక్కడి పల్లెల్లో ఎర్రనూలుతో పక్షులు కుట్టిన తువాళ్ళూ, అవ్వలనాటి దుస్తులూ పోగుచేశాడు. కొయ్యతో కట్టిన పాత చర్చీలకు ఫోటోలు తీశాడు. మరమ్మతు పేరుతో వాటిని పాడు చేస్తున్నారని బాధపడుతూ 1904లో వ్యాసం రాశాడు. చెక్క చెడితే అంతే గదా, మళ్ళీ రాదు.

1905లో వెలువడిన సాల్తాన్ రాజు కథ బొమ్మలు చూడండి. దుస్తుల్లో, గోడల్లో, దూలాల్లో ఆ ప్రయాణం కనిపిస్తుంది. అందులో సముద్రపు అల మాత్రం జపాను చిత్రకారుడు హొకుసాయి వేసిన అలకు దగ్గరి చుట్టం. మంచిది ఎక్కడ ఉన్నా తీసుకోవటానికి అతను సిగ్గుపడలేదు!

అతను ముందు పెన్సిలుతో గీసి, దానిమీద కుంచెతో నల్లసిరా గీత పెట్టేవాడు. ఆ తరవాత లోపల పలుచని రంగులు పూసేవాడు. చెయ్యి వణికితే శ్రమ అంతా వృథా. అతని చెయ్యి వణికేది కాదు. అందుకే అతన్ని ఇనుపచెయ్యి ఇవాన్ అనేవారు.

విప్లవం తరవాత, 1920లో బిలీబిన్ దేశం విడిచాడు. ఈజిప్టులో అయిదేళ్ళు, పారిస్‌లో పదకొండేళ్ళు గడిపాడు. 1936లో తన నగరానికి తిరిగి వచ్చాడు. అప్పుడు దాని పేరు లెనిన్‌గ్రాడ్. 1941లో జర్మను సైన్యం ఆ నగరాన్ని చుట్టుముట్టింది. తిండి లేదు, వెచ్చదనం లేదు. 1942 ఫిబ్రవరిలో, ఆ దిగ్బంధంలోనే, ఆకలితో బిలీబిన్ కన్నుమూశాడు.

అతను పల్లెల నుంచి తెచ్చిన వస్తువులు చేరిన మ్యూజియం విభాగం తరవాత వేరే మ్యూజియం అయింది. సెంట్ పీటర్స్‌బర్గ్‌కు వెళ్ళేవాళ్ళు దాన్ని ఇప్పటికీ చూడవచ్చు.