టైమింగ్ బెల్టు తెగేదాకా ఆగొద్దు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న ట్రాలీ బండి. వెనకాల పాతిక క్రేట్ల టమాటా. తెల్లారేలోగా మార్కెట్టుకు చేరాలి. సగం దారి వెళ్లాక బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. డీజిల్ ఉంది, బ్యాటరీ బాగానే ఉంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిర్రున తేలిగ్గా తిరుగుతోందే గానీ అందుకోవడం లేదు. పొద్దున మెకానిక్ వచ్చి ముందు కవరు విప్పి చూస్తే లోపలి రబ్బరు బెల్టు తెగి ఉంది. ఇంజిన్ హెడ్డు దించితే వాల్వులు వంగిపోయి ఉన్నాయి. బండి వారం రోజులు షెడ్డులో, టమాటా దారిలో దొరికిన రేటుకు.

ఇలాంటి నష్టం చాలామందికి అనుభవమే. ఈ రబ్బరు బెల్టునే టైమింగ్ బెల్టు అంటారు. సమయానికి మార్చుకుంటే కొన్ని వేలతో పోయే పని, తెగేదాకా ఆగితే దానికి ఎన్నో రెట్లు ఖర్చు తెస్తుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. చేతిలో డబ్బు ఆడని రైతు ఈ బెల్టును ఎప్పుడు మార్చాలి, ఎక్కడ పొదుపు చేయవచ్చు, ఎక్కడ చేయకూడదు అనేది తెలుసుకుందాం.

బెల్టు చేసే పని

ఇంజిన్‌లో కింద క్రాంక్ షాఫ్ట్, పైన క్యామ్ షాఫ్ట్ ఉంటాయి. పిస్టన్లను పైకీ కిందికీ ఆడించేది క్రాంక్. గాలి లోపలికి రావడానికి, పొగ బయటికి పోవడానికి వాల్వులను తెరిచేది క్యామ్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ కచ్చితంగా ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి ఉంచేదే లోపలి వైపు పళ్లున్న ఈ రబ్బరు బెల్టు. కొన్ని డీజిల్ ఇంజిన్లలో ఇంజెక్షన్ పంపునూ, కొన్నింటిలో వాటర్ పంపునూ కూడా ఇదే తిప్పుతుంది.

బెల్టు తెగిందంటే పైన క్యామ్ ఆగిపోతుంది. కింద క్రాంక్ మాత్రం ఊపు మీద ఇంకొన్ని చుట్లు తిరుగుతుంది. తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్లు వచ్చి గుద్దుతాయి. వాల్వులు వంగుతాయి. ఒక్కోసారి పిస్టన్ కూడా దెబ్బతింటుంది. కొన్ని పెట్రోల్ ఇంజిన్లలో వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య సందు ఎక్కువ ఉంటుంది కాబట్టి బండి ఆగడంతోనే సరిపోతుంది. డీజిల్ ఇంజిన్లలో సందు చాలా తక్కువ. అందుకే డీజిల్ బండిలో బెల్టు తెగితే నష్టం దాదాపు ఖాయమనుకోవాలి.

బయట కనిపించే ఫ్యాన్ బెల్టు వేరు, ఇది వేరు. ఫ్యాన్ బెల్టు వదులైతే కీచుమని అరుస్తుంది, తెగితే వేడెక్కుతుంది లేదా చార్జింగ్ పోతుంది. టైమింగ్ బెల్టు కవరు లోపల ఉంటుంది. చాలాసార్లు ఏ శబ్దమూ చేయకుండానే తెగుతుంది. "బండి బాగానే నడుస్తోంది కదా, ఇప్పుడెందుకు" అనే మాట ఈ బెల్టు విషయంలో పనికిరాదు.

మీ బండికి ఉందా, లేదా?

ట్రాక్టరుతో అలవాటున్న రైతుకు ఈ బెల్టు సంగతి కొత్తగా ఉంటుంది. చాలా ట్రాక్టర్లలో ఈ పనికి ఉక్కు గేర్లు ఉంటాయి. వాటిని ఇన్ని కిలోమీటర్లకని మార్చే పని లేదు. కార్లలో, చిన్న గూడ్సు బండ్లలో కొన్నింటికి బెల్టు ఉంటుంది, కొన్నింటికి ఇనుప చైను ఉంటుంది. పాత మారుతి 800, ఓమ్నీ పెట్రోల్ ఇంజిన్లలో ఉన్నది బెల్టే. 2005లో మార్కెట్లోకి వచ్చిన టాటా ఏస్ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌కూ బెల్టే. అయితే ఒకే పేరుతో డీజిల్, పెట్రోల్, గ్యాస్ మోడళ్లు వేర్వేరు ఇంజిన్లతో వచ్చాయి. కాబట్టి పక్కింటివాళ్ల బండి చూసి మనదీ అంతేననుకోవద్దు. ఓనర్ మాన్యువల్ చూడండి. అది లేకపోతే ఇంజిన్ నంబరు, తయారైన సంవత్సరం రాసుకుని కంపెనీ సర్వీసు సెంటర్లోనో, మంచి స్పేర్ పార్టుల షాపులోనో అడగండి. ఈ అడగడానికి పైసా ఖర్చు లేదు.

ఎన్ని కిలోమీటర్లకు?

ప్రతి ఇంజిన్‌కూ కంపెనీ ఒక గడువు చెబుతుంది. మన దగ్గర తిరిగే చాలా బండ్లకు అది 60 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లో ఎంత ఉంటే అదే ప్రమాణం. దానితో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది. బండి తిరగకపోయినా రబ్బరు ఎండకూ, ఇంజిన్ వేడికీ గట్టిపడుతుంది. అందుకని నాలుగైదేళ్లు దాటిన బెల్టును నమ్ముకోవడం మంచిది కాదు. కిలోమీటర్లు, ఏళ్లు - ఈ రెండింటిలో ఏది ముందు పూర్తయితే అప్పుడే మార్చాలి.

రెండు ఉదాహరణలు చూద్దాం. గడువు 60 వేల కిలోమీటర్లు లేదా అయిదేళ్లు అనుకుందాం. ఒక రైతు రోజూ మార్కెట్టుకు రానూపోనూ 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరుగుతాడు. నెలకు 2 వేల కిలోమీటర్లు. అతనికి రెండున్నరేళ్లకే బెల్టు మార్చాలి. ఇంకో రైతు పంట ఉన్నప్పుడే బండి తీస్తాడు. సగటున నెలకు 600 కిలోమీటర్లే. అయిదేళ్లకు 36 వేలు మాత్రమే తిరుగుతుంది. అయినా అతనూ అయిదేళ్లకు మార్చాల్సిందే.

పాత బండి కొన్నవారికి

మన రైతుల్లో ఎక్కువమంది కొనేది పాత బండే. మీటరు తిరగకపోవచ్చు, వెనక్కి తిప్పి ఉండవచ్చు. అమ్మినవాడు "బెల్టు మొన్ననే వేయించాం" అంటాడు. బిల్లు చూపమనండి. బిల్లు గానీ, సర్వీసు పుస్తకంలో రాత గానీ, ఇంజిన్ కవరు మీద తేదీ, కిలోమీటర్లు రాసిన స్టిక్కరు గానీ లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. బండి బేరంలోనే ఈ ఖర్చు తగ్గించి అడగాలి. తర్వాత తలపట్టుకునే కంటే ఆ రోజు నోరు విప్పి అడగడమే నయం.

మీటరు పనిచేయని బండికి రోజువారీ తిరుగుడును బట్టి లెక్క వేసుకోవాలి. ఒక చిన్న నోటు పుస్తకంలో ఏ ఊరికి ఎన్ని ట్రిప్పులు వేశారో రాసుకుంటే చాలు. ఎరువుల లెక్క రాసుకునే పుస్తకంలోనే చివరి పేజీ దీనికి కేటాయించవచ్చు.

వాయిదా వేస్తే మిగిలేదెంత?

లెక్క కోసం బెల్టు, టెన్షనర్, కూలీ కలిపి 6 వేల రూపాయలు అయిందనుకుందాం. మీ ఊళ్లో రేటు వేరుగా ఉండవచ్చు, లెక్క తీరు మాత్రం ఇదే. 60 వేల కిలోమీటర్లకు 6 వేలంటే కిలోమీటరుకు 10 పైసలు. గడువు దాటాక ఇంకో 10 వేల కిలోమీటర్లు నడిపితే మీకు మిగిలేది వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి కోసం బెల్టు తెగి, హెడ్డు పనికి 25 వేలు అయ్యాయనుకోండి. అంటే ఇరవై అయిదుసార్లు వాయిదా వేసి ఒక్కసారి తెగినా మిగిలిందంతా పోయినట్టే. దారిలో పోయిన సరుకు, బండిని లాగించిన కిరాయి, షెడ్డులో ఉన్నన్ని రోజులు వేరే బండికి ఇచ్చిన కిరాయి ఇంకా ఈ లెక్కలో లేవు.

ఒకేసారి 6 వేలు తీయడం కష్టమే. దానికీ దారి ఉంది. కిలోమీటరుకు 10 పైసల చొప్పున పక్కన పెట్టండి. 80 కిలోమీటర్లు తిరిగిన రోజు 8 రూపాయలు. నెలకు 200. రెండున్నరేళ్లకు 6 వేలు డబ్బాలో సిద్ధంగా ఉంటాయి. డీజిల్‌కు తీసినట్టే దీనికీ తీయాలి. బెల్టు కూడా డీజిల్ లాగే తరిగిపోయే ఖర్చు.

గడువుకు ముందే మార్చాల్సినప్పుడు

కవరు విప్పినప్పుడు కింది వాటిలో ఏది కనిపించినా గడువుతో పని లేదు, మార్చాలి.

- బెల్టు పళ్లు విరిగినా, అరిగినా, పళ్ల మొదట్లో పగుళ్లు ఉన్నా.
- అంచుల నుంచి దారాలు లేస్తున్నా.
- బెల్టు వీపు అద్దంలా మెరుస్తూ గట్టిపడినా.
- ఇంజిన్ ఆయిల్, డీజిల్, కూలెంట్ కారి బెల్టు తడిసినా. నూనె రబ్బరును మెత్తబరిచి తినేస్తుంది. తుడిచి వేసుకుంటే సరిపోదు. ముందు కారుడు ఆపించి, తర్వాత కొత్త బెల్టు వేయాలి.
- బెల్టు వైపు నుంచి గుయ్యిమని బేరింగ్ శబ్దం వస్తున్నా. ఇది టెన్షనర్ పోతోందనడానికి గుర్తు.

ఇక్కడ ఒక హెచ్చరిక. చూడటానికి బాగుంటే బెల్టు బాగున్నట్టేనని కాదు. ఇప్పటి బెల్టులు పైకి పగుళ్లు లేకుండానే లోపలి దారాలు బలం తగ్గి తెగవచ్చు. కంటిచూపు ముందు మార్చడానికే ఆధారం, గడువు పొడిగించడానికి కాదు. మట్టి రోడ్ల మీద ఎక్కువ తిరిగే బండికి కవరు పగిలి ఉంటే దుమ్ము, చిన్న రాళ్లు లోపలికి పోతాయి. పగిలిన కవరు మార్చడం చవక పని, నిర్లక్ష్యం చేయవద్దు.

పొదుపు ఎక్కడ చేయాలి?

బెల్టు ధర కంటే కవర్లు, పుల్లీలు విప్పి బిగించే కూలీయే చాలాసార్లు భారం. కాబట్టి ఒకసారి విప్పినప్పుడే టెన్షనర్, ఐడ్లర్ బేరింగ్ కూడా మార్చాలి. వాటర్ పంపును ఇదే బెల్టు తిప్పే ఇంజిన్ అయితే దాన్నీ పరీక్షించి, కారుతున్నా ఆట ఉన్నా మార్చాలి. క్రాంక్, క్యామ్ ఆయిల్ సీళ్లు కారుతుంటే అప్పుడే వేయించాలి. పాత టెన్షనర్ ఉంచి కొన్ని వందలు మిగుల్చుకుంటే, అది పట్టేసినప్పుడు కొత్త బెల్టు కూడా తెగుతుంది. రెండోసారి కూలీ మళ్లీ మొదటి నుంచి.

పొదుపు చేయదగ్గవి వేరే ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు మెకానిక్‌ల దగ్గర కూలీ అడిగి చూడండి. బెల్టు, టెన్షనర్ కలిపి కిట్టుగా దొరికితే విడివిడిగా కొన్న ధరతో పోల్చండి. కంపెనీ సర్వీసు సెంటర్లోనే చేయించాలని లేదు. మీ బండి ఇంజిన్లు ఎక్కువగా చేసిన మెకానిక్ అయితే చాలు. కానీ బెల్టు మాత్రం పేరున్న తయారీది, సీలు తీయని పెట్టెలోది, బిల్లుతో కొనండి. నకిలీ బెల్టు, పాత బండి నుంచి తీసిన బెల్టు ఎంత చవకైనా వద్దు. బెల్టును మడిచినా, మెలితిప్పినా లోపలి దారాలు దెబ్బతింటాయి. జారుతోందని గ్రీజు, పౌడరు లాంటివి పూయకూడదు.

మెకానిక్ దగ్గర నిలబడి చూడాల్సినవి

క్రాంక్ పుల్లీ మీద, క్యామ్ పుల్లీ మీద గుర్తులు ఉంటాయి. బెల్టు వేసేటప్పుడు ఇవి సరిగ్గా కలవాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా బండి లాగదు, పొగ వస్తుంది. తేడా ఎక్కువైతే వాల్వులు తగులుతాయి. బిగించాక సెల్ఫ్ కొట్టే ముందు స్పానరుతో క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడమనండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతంగా తిప్పకూడదు. రెండు నిమిషాల పని ఇది, ఇంజిన్‌ను కాపాడుతుంది. పని అయ్యాక తేదీ, కిలోమీటర్లు రాసిన స్టిక్కరు అంటించండి. పాత బెల్టు అడిగి తీసుకోండి. మార్చినట్టు నమ్మకం ఉంటుంది, ఎంత అరిగిందో కూడా తెలుస్తుంది.

ఎప్పుడు చేయించాలి?

పంట కోతకొచ్చాక కాదు. బండికి పని లేని నెలలో చేయించాలి. మామిడి రైతులు వేసవి కోతలు మొదలుకాకముందే, టమాటా రైతులు మొదటి కోతకు ముందే చూసుకోవాలి. అప్పుడు మెకానిక్ తీరిగ్గా చేస్తాడు, మీకూ తొందర ఉండదు.

నిజంగానే ఈ నెల డబ్బు లేకపోతే గడువు దాటిన బండితో దూరం, రాత్రి ప్రయాణాలు మానండి. గేరులో పెట్టి తోసి స్టార్టు చేయవద్దు. ఆ కుదుపుకు అరిగిన బెల్టు పళ్లు జారవచ్చు. ఇంజిన్‌ను విపరీతంగా రైజ్ చేయవద్దు. ఇవన్నీ కొన్నాళ్లు నెట్టుకు రావడానికే, జబ్బు తగ్గడానికి కాదు. సరుకు అమ్మిన మొదటి డబ్బులోంచే బెల్టు ఖర్చు తీయండి.

దారిలో తెగితే

నడుస్తున్న బండి ఒక్కసారిగా ఆగి, సెల్ఫ్ కొడితే ఎప్పటికంటే తేలిగ్గా తిరుగుతుంటే టైమింగ్ బెల్టును అనుమానించాలి. మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దు, తోయించవద్దు. మిగిలిన వాల్వులు కూడా పోతాయి. బండిని న్యూట్రల్‌లో పెట్టి లాగించుకు వెళ్లండి. సరుకును వేరే బండికి ఎక్కించే ఏర్పాటు ముందు చూడండి. షెడ్డులో కొత్త బెల్టు వేసి స్టార్టు చేసి చూద్దామంటే ఒప్పుకోవద్దు. ముందు కంప్రెషన్ పరీక్ష చేయించి, వాల్వుల సంగతి తేలాకే ముందుకు పోవాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఈ ఆదివారం మీ బండి పుస్తకం తీసి, బెల్టు ఎప్పుడు వేశారో చూడండి. రాత దొరక్కపోతే అదే మీకు మొదటి హెచ్చరిక.